ముక్కుకూ తలపోటుకూ చుట్టరికం ఉందా?



తెలుగులో ముక్కు మీదా తల మీదా ఎన్నో నుడికారాలు ఉన్నాయి. ఉన్నమాట దాచకుండా అనేవారిని ముక్కుసూటి మనుషులంటాం. చటుక్కున కోపం తెచ్చుకునేవారికి కోపం ముక్కు మీదే ఉంటుందంటాం. ఆశ్చర్యపోతే ముక్కున వేలేసుకుంటాం. విసిగించే పని ఏదైనా తలనొప్పే. ముక్కున్నంతకాలం పడిశం తప్పదని సామెత కూడా ఉంది. ఈ పాఠంలో మాత్రం నుడికారం పక్కన పెట్టి, మన ముఖంలో ఉన్న అసలు ముక్కు గురించీ, ఆ చుట్టుపక్కలే పుట్టే అసలు తలపోటు గురించీ చదువుకుందాం.

ఈ విషయమే ఎందుకంటారా? తలనొప్పితో బల్ల మీద తల వాల్చేసే పిల్లలు నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురు కనిపించారు. ఎడారి ఊళ్లో ఎండ వల్ల అన్నారు. కొండ ఊళ్లో చలి వల్ల అన్నారు. సముద్రం ఒడ్డున గాలిలో తేమ వల్ల అన్నారు. ఏ ఊళ్లోనైనా ఎక్కువగా వినిపించిన మాట మాత్రం 'సైనస్'. కొందరు 'ముక్కు దూలం వంకరగా ఉందట, అందుకే తలనొప్పి' అనేవారు. ఇంకొందరు పిల్లల మీద 'చదవడానికి బద్ధకం, అదంతా సాకు' అన్న ముద్ర పడేది.

కారణం తప్పుగా తెలిస్తే నష్టం చిన్నది కాదు. అక్కర్లేని మందు మింగుతాం, కావలసిన మందు దొరకదు. బడి పోతుంది, పరీక్ష పోతుంది. అన్నిటికన్నా, నిజంగా బాధపడుతున్న పిల్లవాడి మాటను ఎవరూ నమ్మకుండా పోతారు. అందుకని ఈ ప్రశ్నను నింపాదిగా, మొదటి నుంచీ చూద్దాం.

ముక్కు లోపల ఏముంది?

ముక్కు బయటికి కనిపించేది కొంతే. అసలు ముక్కు లోపలే ఉంది. ముక్కును రెండు గదులుగా చీల్చే నడిమి గోడను ముక్కు దూలం అంటాం. ఇంటికి దూలం ఎలాగో ముఖానికి అది అలాగ. ముందు భాగం మెత్తటి మృదులాస్థి, వెనక భాగం ఎముక. పుస్తకంలో బొమ్మ గీసినప్పుడు ఈ గోడ స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది. మనుషుల్లో మాత్రం అలా ఉండటం అరుదు. చాలామందికి ఎంతో కొంత ఒకవైపు ఒరిగే ఉంటుంది. కొందరికి ఆ గోడ మీద ముల్లులాంటి చిన్న పొడుచుకు కూడా ఉంటుంది.

గోడకు ఎదురుగా, ఒక్కొక్క గదిలో పై నుంచి కిందికి మూడు మడతలు ఉంటాయి. వీటిని టర్బినేట్లంటారు. లోపల పల్చటి ఎముక, పైన రక్తనాళాలు నిండిన మెత్తటి పొర. మనం పీల్చే గాలిని వెచ్చబెట్టి, తడిపి, దుమ్ము పట్టి ఊపిరితిత్తులకు పంపే పని వీటిది. కొందరిలో మధ్య టర్బినేటు లోపల గాలి గది ఏర్పడి అది బుడగలా ఉబ్బి ఉంటుంది.

ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటినే సైనస్‌లు అంటాం. బుగ్గల్లో ఒక జత, కళ్ల మధ్య ఒక జత, నుదుటిలో ఒక జత, ముక్కు వెనక లోతుగా ఒక జత. నుదుటి సైనస్‌లు పుట్టినప్పుడు దాదాపు ఉండవు. ఏడెనిమిదేళ్ల ప్రాయంలో రూపు కట్టి, కౌమారం దాకా పెరుగుతూ ఉంటాయి. కాబట్టి నాలుగేళ్ల చెల్లికి నుదురు నొస్తే వెంటనే 'సైనస్' అనడానికి లేదు, అక్కడ ఆ గది ఇంకా సరిగా తయారు కాలేదు.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. టర్బినేట్లు ఎప్పుడూ ఒకే లావున ఉండవు. కొన్ని గంటలు కుడివైపువి ఉబ్బి ఎడమవైపువి తగ్గుతాయి, తరువాత అటుది ఇటు అవుతుంది. ఇది జబ్బు కాదు, ముక్కు పని చేసే తీరే అంత. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లోనే దీని గురించి రాశాడు. ఒక వైపు ముక్కు మూసుకుందని రాత్రి లేచి కంగారు పడేవాళ్లకు తెల్లారేసరికి రెండో వైపు మూసుకుని ఉండటం ఇందువల్లే.

మైగ్రేన్ అంటే ఏమిటి?

తలనొప్పులన్నీ ఒకటి కాదు. మైగ్రేన్ మెదడుకూ నాడులకూ సంబంధించిన జబ్బు. ప్రపంచంలో వంద కోట్లకు పైగా మనుషులకు ఇది ఉందని అంచనా. మన దేశం సంగతి చూస్తే, కర్ణాటకలో 18 నుంచి 65 ఏళ్ల వారిని ఇంటింటికీ వెళ్లి అడిగి చేసిన అధ్యయనంలో ఏడాది కాలంలో నలుగురిలో ఒకరికి మైగ్రేన్ వచ్చినట్టు తేలింది. అది 2015లో అచ్చయింది.

పేరు ఎలా వచ్చిందో చూడండి. గ్రీకు భాషలో 'హెమిక్రేనియా' అంటే సగం కపాలం. ఆ మాట నోళ్లలో అరిగి అరిగి 'మైగ్రేన్' అయింది. మన ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి దగ్గరి జబ్బుకు 'అర్ధావభేదకం' అని పేరు, అంటే తలలో సగాన్ని చీల్చేది. తెలుగులో 'పార్శ్వపు నొప్పి' అన్నాం. పార్శ్వం అంటే పక్క. మూడు భాషలవాళ్లూ ఒకే లక్షణాన్ని చూసి పేరు పెట్టారన్నమాట. అయితే పెద్దవాళ్లలో తరచుగా ఒక పక్కనే వచ్చే ఈ నొప్పి, పిల్లల్లో చాలాసార్లు నుదురంతా, రెండు కణతల్లోనూ వస్తుంది. పేరును చూసి 'రెండు పక్కలా నొస్తోంది కాబట్టి ఇది మైగ్రేన్ కాదు' అనుకోకూడదు.

వైద్యులు దీన్ని ఎలా గుర్తుపడతారు? నొప్పి సలుపుతూ ఉంటుంది. ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉంటుంది. మెట్లెక్కినా, గెంతినా పెరుగుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతి కావచ్చు. వెలుగు, చప్పుడు భరించలేరు. మందు పడకపోతే పెద్దవారిలో 4 గంటల నుంచి 72 గంటలదాకా ఉంటుంది. పిల్లల్లో 2 గంటలకే తగ్గిపోవచ్చు. ఇలాంటివి కనీసం ఐదు సార్లు వచ్చాకే మైగ్రేన్ అని పేరు పెడతారు. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుగీతలు కనిపిస్తాయి. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇద్దరి మధ్య ఒకే నాడి

ఇప్పుడు అసలు విషయం. ముఖంలోని స్పర్శనూ నొప్పినీ మెదడుకు చేరవేసే ప్రధానమైన నాడి ఒకటుంది. పేరు ట్రైజెమినల్, తెలుగులో త్రిధార నాడి. పేరుకు తగ్గట్టే మూడు పాయలు. మొదటి పాయ నుదురుకూ, కంటికీ, ముక్కు పై భాగానికీ. రెండో పాయ బుగ్గకూ, పై పళ్లకూ, ముక్కులో మిగిలిన చాలా భాగానికీ. మూడో పాయ కింది దవడకు. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. మెదడును కప్పిన పొరలకు తెలుస్తుంది. ఆ పొరల నుంచి నొప్పి కబురు మోసేది కూడా ముఖ్యంగా ఈ నాడి మొదటి పాయే.

రైల్వే వారి తపాలా సార్టింగు ఆఫీసును ఊహించుకోండి. చుట్టుపక్కల ఇరవై ఊళ్ల ఉత్తరాలన్నీ ఒకే గదికి వస్తాయి. కవరు మీద ముద్ర సరిగా పడకపోతే ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. ముక్కు నుంచి వచ్చిన కబురూ, మెదడు పొరల నుంచి వచ్చిన కబురూ మెదడు కాండంలో ఒకే చోటికి చేరతాయి. అందుకే ఒకచోట పుట్టిన నొప్పి మరొకచోట ఉన్నట్టు తోస్తుంది. మీకు అనుభవమైనదే చెబుతాను. ఐస్‌క్రీం గబగబా తింటే చల్లదనం తగిలేది అంగిలికి, జివ్వుమనేది నుదురు.

అమెరికాలో హెరాల్డ్ వుల్ఫ్ అనే వైద్యుడూ ఆయన తోటివారూ 1940లలో దీన్ని పరీక్షించి చూశారు. ఒప్పుకున్న మనుషుల ముక్కు లోపల వేరువేరు చోట్ల తాకి, నొప్పి ఎక్కడ తెలుస్తోందో అడిగి రాసుకున్నారు. తాకింది ముక్కులో, నొప్పి తెలిసింది నుదుట, బుగ్గన, పళ్లలో. సైనస్ లోపలి గోడలకన్నా టర్బినేట్లూ, సైనస్ ద్వారాలూ ఎక్కువ నొప్పి పుట్టించాయి.

ఈ దారి ఒకవైపే నడిచేది కాదు. మైగ్రేన్ మొదలైనప్పుడు అదే నాడి కేంద్రం నుంచి ముక్కు పొరలకూ కన్నీటి గ్రంథులకూ ఆజ్ఞలు వెళతాయి. రక్తనాళాలు ఉబ్బి ముక్కు దిబ్బడ వేస్తుంది, నీరు కారుతుంది, కన్ను చెమ్మగిల్లుతుంది. అంటే ముక్కు వల్ల తలపోటు రావచ్చు, తలపోటు వల్ల ముక్కు మూసుకోనూ వచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తికమక అంతా ఇక్కడే.

ముక్కే కారణం అన్నవారి వాదన

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో గ్రీన్‌ఫీల్డ్ స్లడర్ అనే వైద్యుడు 1908లోనే, ముక్కు వెనక లోతుగా ఉన్న ఒక నాడీముడి ముఖం నొప్పికి మూలమని రాశాడు. 1988లో ఆస్ట్రియాకు చెందిన స్టామ్‌బెర్గర్, వుల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు మరో మాట చెప్పారు. దూలం మీది ముల్లు ఎదురుగా ఉన్న టర్బినేటును నొక్కుతూ ఉంటే, ఆ ఒత్తిడికి నాడి కొసల నుంచి నొప్పి కలిగించే రసాయనం వెలువడి తలనొప్పి వస్తుందన్నారు. పొర పొరను తాకే ఈ చోటును 'స్పర్శ బిందువు' అనుకుందాం.

వాదనలో బలం ఉంది. నాడి ఒకటే అని మనమూ చూశాం. ముల్లును తీసేశాక, దూలాన్ని సరిచేశాక తలనొప్పి తగ్గిందని చెప్పిన రోగులున్నారు. అయితే శాస్త్రం ఇక్కడితో ఆగదు. రెండు ప్రశ్నలు అడుగుతుంది.

మొదటి ప్రశ్న: తలనొప్పి లేనివారి ముక్కులో స్పర్శ బిందువులు లేవా? ఇంగ్లండులో 2001లో అచ్చయిన ఒక పరిశీలనలో ముక్కు వైద్యం కోసం వచ్చిన వెయ్యికి దగ్గరగా రోగులను చూశారు. ముఖం నొప్పి ఉన్నవారిలోనూ, లేనివారిలోనూ స్పర్శ బిందువులు ఒకే పాళ్లలో కనిపించాయి, ఇంచుమించు నూటికి నలుగురికి. పైగా ఒకవైపు నొప్పి ఉన్న కొందరిలో ఆ బిందువు రెండోవైపు ఉంది.

రెండో ప్రశ్న: ఆపరేషన్ తరువాత తగ్గితే, ఆపరేషన్ వల్లే తగ్గినట్టా? మైగ్రేన్ ఆటుపోట్ల జబ్బు. కొన్ని నెలలు ఎక్కువ, కొన్ని నెలలు తక్కువ. మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకునేది బాధ పతాకస్థాయిలో ఉన్నప్పుడే. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా కొంత తగ్గడం సహజం. తగ్గుతుందన్న నమ్మకం కూడా కొన్నాళ్లు నొప్పిని తగ్గిస్తుంది. వీటిని వేరు చేయాలంటే, ఆపరేషన్ అయినవారినీ కానివారినీ పక్కపక్కన పెట్టి చాలాకాలం గమనించాలి.

మన భాషలో ఈ తర్కానికి ఒక చక్కని మాట ఉంది, కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే పండు పడిందన్నాడు. పండు అప్పటికే పండి ఉంది. దూలం వంకర ఉంది, తలనొప్పి ఉంది. రెండూ ఒకే ముఖంలో ఉన్నంతమాత్రాన ఒకటి రెండోదాన్ని కన్నట్టు కాదు. కాకపోవడానికీ వీల్లేదు. కాకి నిజంగానే పండును పొడిచి ఉండవచ్చు కదా. అది తేల్చడానికి పరీక్ష కావాలి.

అలాంటి పరీక్షను వైద్యులు ఏర్పరచుకున్నారు. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ 2004 కూర్పులో ఇలా రాశారు: స్పర్శ బిందువు కంటికి కనిపించాలి. అక్కడ తిమ్మిరి మందు పూస్తే ఐదు నిమిషాల్లో నొప్పి పూర్తిగా పోవాలి. ఉత్త మందుతో పోల్చి కూడా చూడాలి. స్పర్శ బిందువును తొలగించాక వారంలోగా నొప్పి పోయి, తిరిగి రాకూడదు. ఇంత చెప్పినా ఈ తలనొప్పిని అసలు జాబితాలో చేర్చలేదు, అనుబంధంలో ఉంచారు. 2018 కూర్పులోనూ దూలం, టర్బినేట్ల వల్ల వచ్చే తలనొప్పి అనుబంధంలోనే ఉంది. అనుబంధం అంటే 'ఇంకా రుజువు కావాలి' అని అర్థం. కాబట్టి మన ప్రశ్నకు నేటి జవాబు ఇది: ముక్కుకూ తలపోటుకూ చుట్టరికం ఉంది, కాని చాలామందిలో ముక్కు దోషి కాదు. కొద్దిమందిలో కావచ్చు, వారిని పరీక్షించి ఏరాలి.

దూలం బాగా వంకర ఉండి గాలి ఆడకపోతే దానికి ఆపరేషన్ ఉంది, అది ఊపిరి కోసం. పిల్లల్లో చాలాసార్లు ముఖం ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగుతారు. తలనొప్పి ఒక్కటే కారణమైతే, ముందు మైగ్రేన్ సంగతి తేల్చుకున్నాకే ముక్కు వైపు చూడటం మేలు.

'సైనస్' అనుకున్నది ఏమిటి?

2004లో అమెరికాలో ఒక పెద్ద పరిశీలన అచ్చయింది. తమకు 'సైనస్ తలనొప్పి' ఉందని అనుకుంటున్నవారినీ, వైద్యులు అలా చెప్పినవారినీ 2,991 మందిని పరీక్షించారు. వీరిలో నూటికి 88 మందికి మైగ్రేన్ తరహా తలనొప్పి లక్షణాలున్నాయి. ఎందుకింత పొరపాటు? నొప్పి నుదుట, బుగ్గన వచ్చింది, ముక్కు దిబ్బడ వేసింది, వాతావరణం మారినప్పుడు పెరిగింది. చూసేవారికి అది సైనస్‌లాగే ఉంది.

మరి నిజమైన సైనస్ వాపు ఎలా ఉంటుంది? సాధారణంగా జలుబు తరువాత వస్తుంది. ముక్కు నుంచి చిక్కటి పసుపు లేక ఆకుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, ముఖం బరువు, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. రోజుల తరబడి ఉంటుంది. మైగ్రేన్ గంటల్లో వచ్చి గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో పోతుంది. కారేది నీరులా పల్చగా ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకొక మాట వింటాం: 'తలంటుకుంది, తల ఆరలేదు, నీరు పట్టి తలనొప్పి వచ్చింది'. ఇందులో గమనిక నిజం, కారణం వేరు. ముంబయి వైద్యుడు కె. రవిశంకర్ తలస్నానం తరువాత మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో రాశారు. తలస్నానం మైగ్రేన్‌ను రేపగలదన్నమాట. నీరు తల లోపలికి దిగడం, సైనస్‌లో చేరడం జరగదు. అమ్మమ్మ చూసింది సరిగానే చూసింది, దానికి పేరే మారింది.

నొప్పిని చెప్పడానికి మాటలు

తలనొప్పికి రక్తపరీక్షలో జవాబు దొరకదు. వైద్యులు ముఖ్యంగా మీ మాట మీదే ఆధారపడతారు. 'ఎలా నొస్తోంది?' అంటే 'ఊరికే నొస్తోంది' అని ఊరుకుంటే వారికి దారి దొరకదు. ఊళ్లు మారుతూ పెరిగే మీకు మూడు నాలుగు భాషలు వచ్చు కాని, నొప్పిని చెప్పే మాటలు ఇంటి భాషలోనే బాగా పలుకుతాయి. ఇవి నేర్చుకోండి.

సలుపు: నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి కొట్టుకునే నొప్పి. పుండు సలుపుతోంది అంటాం. మైగ్రేన్‌లో ఎక్కువగా ఉండేది ఇదే.
పోటు: పొడిచినట్టు వచ్చే నొప్పి. చెవిపోటు, పన్నుపోటు, తలపోటు.
బిగువు: తల చుట్టూ తాడు గట్టిగా కట్టినట్టు. అలసట, ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పిలో ఇలా ఉంటుంది.
దిమ్ము, బరువు: జలుబు చేసినప్పుడు ముఖమంతా నిండినట్టు ఉండటం.
వికారం: కడుపులో తిప్పడం, డోకు వచ్చేలా ఉండటం.

చోటు చెప్పడానికి: నుదురు, కణత, కనుబొమ, మాడు, పెడతల, బుగ్గ, దవడ. ముక్కు గురించి చెప్పడానికి: దిబ్బడ, కారడం, చీమిడి. జలుబును కొన్ని ఇళ్లలో పడిశం అనీ, కొన్ని ఇళ్లలో రొంప అనీ, తెలంగాణలో సర్ది అనీ అంటారు. మీ ఇంట్లో ఏమంటారో అడగండి. 'నా ఎడమ కణత సలుపుతోంది, వికారంగా ఉంది, వెలుగు చూడలేకపోతున్నాను, ముక్కు మాత్రం బాగానే ఆడుతోంది' అని మీరొక్క వాక్యం చెప్పగలిగితే వైద్యుడికి సగం పని తీరినట్టే.

బదిలీ ఇంటికి ఒక తలనొప్పి పుస్తకం

మన కష్టం మిగతావారి కష్టం లాంటిది కాదు. మూడేళ్లకో ఊరు, ఊరికో ఆస్పత్రి, ఆస్పత్రికో కొత్త వైద్యుడు. ప్రతిచోటా కథ మొదటి నుంచి చెప్పాలి. ఒకరు ముక్కు స్కాను తీయిస్తారు, రిపోర్టు వచ్చేలోగా బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఇంకొకరు చుక్కల మందు రాస్తారు, పనిచేసిందో లేదో అడగడానికి వారు మళ్లీ కనిపించరు. పైగా బదిలీ అంటేనే నిద్ర చెడటం, వేళకు తిండి లేకపోవడం, రెండు రోజుల రైలు ప్రయాణం, కొత్త బడి బెంగ. ఇవన్నీ మైగ్రేన్‌ను రేపేవే.

అందుకని టీసీ, మార్కుల పత్రాలు, టీకాల కార్డు పెట్టుకునే ఫైల్లోనే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ, తగ్గాక, ఇవి రాయండి.

1. తేదీ, ఊరు, మొదలైన వేళ, పోయిన వేళ.
2. ఏ చోట, ఎలాంటి నొప్పి.
3. ముక్కు ఎలా ఉంది? దిబ్బడ తలనొప్పికి ముందు వచ్చిందా, తరువాతా? చీమిడి రంగు ఏమిటి?
4. వికారం ఉందా? వెలుగు, చప్పుడు భరించగలిగారా?
5. ముందు రోజు నిద్ర, తిండి, నీళ్లు, ఎండ, ప్రయాణం, తలస్నానం.
6. ఏ మాత్ర, ఎన్ని? ఎంతసేపటికి తగ్గింది?

ఒక అబ్బాయి పుస్తకంలో పది తలనొప్పులు ఉన్నాయనుకుందాం. ఎనిమిదింటిలో ముక్కు బాగానే ఉంది, రెండింటిలో నొప్పి మొదలయ్యాక దిబ్బడ వేసింది. ఏడింటికి ముందు రాత్రి నిద్ర లేదు. ఈ అబ్బాయి దూలం ఎంత వంకరగా ఉన్నా వైద్యుడు ముందు మైగ్రేన్‌ను తలుస్తాడు. ఇంకొక అమ్మాయి పుస్తకంలో ప్రతిసారీ జలుబు, పసుపు చీమిడి, తరువాతే బుగ్గ నొప్పి. ఆమెను ముక్కు వైద్యుడి దగ్గరకు పంపుతారు. ఒక్క స్కాను బొమ్మకన్నా ఆరు నెలల పుస్తకం ఎక్కువ చెబుతుంది. టర్బినేట్లు గంట గంటకూ మారతాయని చదివాం కదా, స్కాను పట్టుకునేది ఒక్క క్షణాన్నే.

మందుల విషయంలో మూడు జాగ్రత్తలు. మాత్ర పెద్దవాళ్లు ఇస్తేనే వేసుకోవాలి. ఆస్పిరిన్ వైద్యుడు చెప్పకుండా పిల్లలకు ఇవ్వకూడదు. మామూలు నొప్పి మాత్రలు కూడా నెలలో 15 రోజులో అంతకన్నా ఎక్కువో, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెస్తాయి. దిబ్బడ విప్పే చుక్కలను వరసగా ఐదు రోజులు దాటి వాడుతూ పోతే ముక్కు మరింత మూసుకుపోతుంది.

వెంటనే చెప్పవలసినవి

ఈ కింది వాటిలో ఏది ఉన్నా పుస్తకం రాస్తూ కూర్చోకండి. వెంటనే అమ్మానాన్నలకో టీచరుకో చెప్పండి, ఆస్పత్రికి వెళ్లాలి: పిడుగు పడినట్టు ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన నొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, చేయో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు తగ్గడం, మూర్ఛ, రోజూ తెల్లవారుజామున నొప్పితో లేచి వాంతి చేసుకోవడం, వారం వారం నొప్పి పెరుగుతూ పోవడం, జలుబులో కంటి చుట్టూ వాపు ఎక్కడం.

మీ పక్క బల్ల మీద ఎవరైనా తల వాల్చేస్తే 'సాకు' అనకండి. ఆ పక్క కిటికీ తెర వేయండి, గొంతు తగ్గించండి, నీళ్లు ఇవ్వండి, టీచరుకు చెప్పండి.

ఆలోచించండి, చేయండి

1. చల్లటి స్టీలు పళ్లాన్ని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని మెల్లగా ఊపిరి వదలండి. రెండు ఆవిరి మచ్చల్లో ఏది పెద్దది? ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూసి ఒక వారం పట్టిక వేయండి. మచ్చలు ఎందుకు మారుతున్నాయో పాఠంలోని మాటల్లో రాయండి.
2. 'కాకతాళీయం' అన్న మాటను ఉపయోగించి మీ సొంత అనుభవం నుంచి ఐదు వాక్యాలు రాయండి.
3. మీ ఇంట్లో పెద్దలను అడిగి, తలనొప్పికీ జలుబుకూ వారి ఊళ్లో వాడే మాటలు పది సేకరించండి. మీ తరగతిలో హిందీ, తమిళం, బెంగాలీ మాట్లాడే స్నేహితుల మాటలతో పోల్చండి.
4. 'ముక్కు దూలం వంకరగా ఉంది, కాబట్టి తలనొప్పి' అని మీ స్నేహితుడు అన్నాడు. అది నిజమో కాదో తేల్చడానికి అతణ్ణి ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు?

పదాల అర్థాలు

మృదులాస్థి: ఎముకకన్నా మెత్తగా, వంగే గుణం గల భాగం. చెవి డొప్పలోనూ ఉంటుంది.
కణత: కంటికీ చెవికీ నడుమ, నుదుటి పక్క భాగం.
పెడతల: తల వెనక భాగం.
పార్శ్వం: పక్క, ప్రక్క భాగం.
మెదడు కాండం: మెదడును వెన్నుపాముతో కలిపే భాగం.
కాకతాళీయం: కారణం లేకుండా రెండు పనులు ఒకేసారి జరగడం.